విత్తనం మొలకెత్తకుండా చూసుకోవడం ఎలా?
కొత్తగా హెచ్‌ఆర్ హెడ్ కుర్చీ ఎక్కినవారికి ఒక అనుభవజ్ఞుడి చిట్కాలు

ముందుగా అభినందనలు. మీ విజిటింగ్ కార్డు మీద ‘పీపుల్ అండ్ కల్చర్’ అని పడిందట. పదేళ్ల కిందట ఇదే కుర్చీని ‘హ్యూమన్ రిసోర్సెస్’ అనేవారు, అంతకుముందు ‘పర్సనెల్ డిపార్ట్‌మెంటు’ అనేవారు. మా నాన్నగారి రోజుల్లో ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక రేకుల గది ఉండేది, దాన్ని ‘లేబరాఫీసు’ అనేవారు. బోర్డు మారినప్పుడల్లా జీతం పెరిగింది గానీ, హాజరుపట్టీ మాత్రం మనల్ని వదల్లేదు.

నేనీ కుర్చీలో 22 ఏళ్లు కూర్చున్నాను. మాదాపూర్‌లో మొదలుపెట్టి, గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా కంపెనీ ఎటు జరిగితే అటు, కుర్చీతో సహా జరిగాను. ఈ మధ్య ఏ సదస్సుకు వెళ్లినా ఒకటే పాట: మీ టీముల్లో దాగున్న శక్తిని వెలికితీయండి. తీసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఏ వక్తా చెప్పడు. శక్తి బయటపడ్డ మనిషి ఊరుకుంటాడా? ఇంకాస్త పెద్ద పని అడుగుతాడు. దానికి తగ్గ జీతం అడుగుతాడు. అక్కడితో ఆగక, ‘అసలు దీన్ని ఇలా ఎందుకు చేస్తున్నాం?’ అని కూడా అడుగుతాడు. విత్తనాల గోదాము చూశారా ఎప్పుడైనా? తేమ తగలనివ్వరు, వెలుతురు పడనివ్వరు, బస్తా మీద బస్తా వేసి తలుపు మూస్తారు. ఒక్క గింజ మొలకెత్తినా గోదాము గుమాస్తాకు మాటొస్తుంది. మన ఉద్యోగం అదే అనుకుంటే సగం చిక్కులు పోతాయి. బస్తాల లెక్క సరిపోతే చాలు.

చాయ్ బండి జోలికి పోకండి

ఇది నేను స్వయంగా దెబ్బతిని నేర్చుకున్నది, అందుకే ముందు చెబుతున్నాను. మా ఆరో అంతస్తులో కాఫీ మెషీన్ ఉంది, ఉచితం. అయినా జనం పదకొండు కొట్టేసరికి లిఫ్టు దిగి, మెడలో ట్యాగు చొక్కా జేబులోకి దోపుకుని, రోడ్డవతల బండి దగ్గర 15 రూపాయలు పెట్టి చాయ్ తాగుతారు. ఒకరోజు మెషీన్ పాడైతే నేనూ దిగాను.

అక్కడ మా సపోర్టు టీము కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. దేవరకొండ వైపువాడు. పదో తరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. తర్వాత పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడులో చేరినవాడు. మీటింగుల్లో వాడి గొంతు నేను వినలేదు. కాల్‌లో ‘ఎనీ అప్‌డేట్స్?’ అంటే ‘నో అప్‌డేట్స్’ అనేవాడు, వెంటనే మ్యూట్. వాడి పేరు పక్కన ఆ మ్యూట్ గుర్తు చూసీ చూసీ అదే ఇంటిపేరేమో అన్నంత అలవాటైపోయింది.

ముందురోజు రాత్రి మా క్లయింటు ఆర్డర్లు నాలుగు గంటలపాటు ఆగిపోయాయి. అమెరికా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. తెల్లారేసరికి కారణం వివరిస్తూ 40 స్లైడ్లు తయారయ్యాయి. చూశాను. ఏమీ అర్థం కాలేదు. అర్థం కానందువల్ల వాటి మీద గౌరవం కూడా కలిగింది. చాయ్ బండి దగ్గర ఈ కుర్రాడు, కొత్తగా చేరిన ట్రైనీకి అదే విషయం చెబుతున్నాడు. సాసర్‌లో ఉస్మానియా బిస్కెట్లు వరసగా పేర్చాడు.

“ఇగ సూడు తమ్మీ, గివన్నీ ఆర్డర్లనుకో. ఒకదాని ఎన్క ఒకటి పోవాలె. ముంగటిది ఇట్ల మెత్తగైంది.” ఒక బిస్కెట్టును చాయ్‌లో ముంచి వరసలో మొదట పెట్టాడు. “పట్టుకుంటే ఇరుగుతది. మన సిస్టమ్ ఏం జేస్తున్నది? మల్ల దాన్నే పట్టుకుంటది. మల్ల ఇరుగుతది. మల్ల పట్టుకుంటది. ఎన్కున్నయి మంచిగనే ఉన్నయి, కానీ కదలయి. రాత్రంత గిదే కత.”

“మరేం జేయాలె అన్నా?”

“మూడుసార్లు సూడాలె. రాకుంటే తీసి పక్క సాసర్ల పెట్టాలె. దాని సంగతి తర్వాత. మిగిలినయి పోతనే ఉంటయి.”

అంటూ నానిన బిస్కెట్టును పక్క సాసర్‌లో వేసి, మిగతావి ఒక్కొక్కటిగా ట్రైనీ చేతిలో పెట్టాడు. నాకు అర్థమైపోయింది. హెచ్‌ఆర్‌కు అర్థమైందంటే ఇక అర్థం కానివాళ్లు ఉండరు.

ప్రమాదమంతా అక్కడే ఉంది. తెలియనంతసేపూ మనం క్షేమం. తెలిశాక ఏదో ఒకటి చేయాలి. వాడిచేత ట్రైనీలకు పాఠాలు చెప్పించాలా? ఆ 40 స్లైడ్లు పక్కన పడేసి, క్లయింటు ముందు వాడినే కూర్చోబెట్టి, వాడు చెప్పేది ఇంకొకరిచేత ఇంగ్లీషులో చెప్పించాలా? ఎంత పని! ఎన్ని మెయిళ్లు! చాయ్ డబ్బులిచ్చి నోరెత్తకుండా లిఫ్టెక్కాను. వాడు నన్ను చూశాడు, నేను చూడనట్టు నడిచాను. పైకి వెళ్లగానే కాఫీ మెషీన్ బాగుచేయమని అడ్మిన్‌కు టికెట్ వేశాను. సాయంత్రానికల్లా బాగైంది. ఆ ఏడాది నేను అంత చురుగ్గా చేయించిన పని మరొకటి లేదు.

గంట ఆకారం చెడకూడదు

ఇక మార్చి. రేటింగుల కాలం. దీనికి ఆదిపురుషుడు జాక్ వెల్చ్. 1981 నుంచి 2001 దాకా జనరల్ ఎలక్ట్రిక్‌ను నడిపినాయన. పైన 20 శాతం, నడుమ 70, అడుగున 10. అడుగు పదికి ఉద్వాసన. లెక్కలు తెలిసినవాళ్లు కొందరు పేచీ పెడతారు: గంట ఆకారం, అదే బెల్ కర్వ్, రావాలంటే మనుషులు వేలల్లో ఉండాలి, పైగా ఏరకుండా తీసుకున్నవాళ్లై ఉండాలి, మీరేమో ఐదు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టి ఏరి తెచ్చుకున్నారు కదా అంటారు. అలాంటివాళ్లను ఫైనాన్స్‌కు పంపించేయండి. 12 మంది ఉన్న టీముకు కూడా నిక్షేపంగా వర్తిస్తుంది. చూడండి: 2.4 మంది ఉత్తములు, 8.4 మంది మధ్యస్థులు, 1.2 మంది పనికిరానివారు. ఆ 0.2 మనిషి ఎవరో మేనేజరు తేల్చుకుంటాడు. మామూలుగా ఆ ఏడు ప్రసూతి సెలవు తీసుకున్నావిడో, జనవరిలో వేరే టీము నుంచి వచ్చినవాడో అవుతారు.

మా గదిలో జరిగింది జరిగినట్టు చెబుతాను. డెలివరీ మేనేజరు గుంటూరాయన. మంచివాడే, కాకపోతే ఆ మంచితనం ఏ మీటింగులోనైనా మొదటి పది నిమిషాలే ఉంటుంది.

“ఈ సపోర్టు కుర్రాడికి నాలుగు ఇద్దామండీ. ఆ రాత్రి ఆర్డర్లు ఆగితే మళ్లీ కదిలించింది వాడే.”

“నాలుగులు అయిపోయాయండీ.”

“ఇంకొక్కటి సర్దలేరా?”

“ఎందుకు సర్దలేను? ఒకరిని దించండి, ఒకరిని ఎక్కిద్దాం. ఎవర్ని దించమంటారు?”

ఆయన జాబితా మీద నుంచి కిందికీ, కింద నుంచి పైకీ చూశాడు. ఒకావిడ రోజూ క్లయింటుతో మాట్లాడుతుంది, దించితే క్లయింటు అడుగుతాడు. ఇంకొకాయన నిరుడే పేపర్ వేస్తానని బెదిరించాడు. మూడో ఆయన వైస్ ప్రెసిడెంటుగారితో కలిసి ఆదివారాలు సైకిల్ తొక్కుతాడు.

“పోనీ మూడు వేసేయండి. వాడేమీ అనడు లెండి.”

“కారణం ఏం రాయమంటారు?”

“ఏముందండీ, కమ్యూనికేషన్ మెరుగుపడాలి అని రాయండి.”

మొత్తం నాలుగు నిమిషాలు. మధ్యలో సమోసాలు రాకపోతే రెండే పట్టేది.

ఆ వాక్యం విలువ గురించి కాస్త చెప్పాలి. ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అన్నది మన వృత్తిలో జిందా తిలిస్మాత్. తలనొప్పికీ అదే, పడిశానికీ అదే, కడుపునొప్పికీ అదే. ఇంగ్లీషులో తడబడేవాడికి రాయొచ్చు, ఇంగ్లీషులో నిలదీసేవాడికీ రాయొచ్చు. రుజువులు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: ఎవరితో, ఏ విషయంలో, ఏ భాషలో మెరుగుపడాలో పొరపాటున కూడా రాయొద్దు. రాస్తే నేర్పించాల్సి వస్తుంది. మనిషికి చెప్పడం రాదా, లేక వినేవాళ్లకు ఒక్క భాషే వచ్చా అనే చర్చ కూడా బయల్దేరుతుంది. ఆ తలుపు తెరిచారంటే ఇక మూయలేరు.

మైక్రోసాఫ్ట్ వాళ్లు ఈ బెల్ కర్వ్ పద్ధతిని 2013 నవంబరులో ఎత్తేశారు. బయటి కంపెనీలతో పోటీపడాల్సిన జనం పక్క సీటువాడితో పోటీపడుతున్నారని అక్కడ చాలాకాలంగా గోల. మేం అంత దూరం పోలేదు. ‘మన సంస్థలో ఇక బెల్ కర్వ్ ఉండదు’ అని టౌన్‌హాల్‌లో ప్రకటించాం. చప్పట్లు మోగాయి. మర్నాడు మేనేజర్లకు మాత్రం ‘డిస్ట్రిబ్యూషన్ గైడెన్స్’ అని ఒక మెయిలు వెళ్లింది. 20, 70, 10.

తొమ్మిది గళ్ల పటం

రేటింగు జరిగిపోయినదాని గురించి. జరగబోయేదాని గురించి ఇంకో క్రతువు ఉంది, ‘టాలెంట్ రివ్యూ’ అంటారు. ఒకవైపు పనితీరు, ఒకవైపు సామర్థ్యం, మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. 1970ల తొలినాళ్లలో మెకిన్సీ వాళ్లు జనరల్ ఎలక్ట్రిక్‌కు ఇలాంటి పటం ఒకటి గీసిచ్చారు. ఉన్న వ్యాపారాల్లో దేనిమీద డబ్బు పెట్టాలి, దేన్ని వదిలించుకోవాలి అని తేల్చుకోవడానికి. వ్యాపారాలు కూర్చున్న గళ్లలో మనుషుల్ని కూర్చోబెట్టడం ఆ తర్వాత వచ్చిన తెలివి. నవగ్రహ మంటపంలా ఉంటుంది చూడటానికి: తొమ్మిది స్థానాలు, ఒకరి మొహం ఒకరు చూడరు, మనం చుట్టూ ప్రదక్షిణ చేసి బయటికొచ్చేస్తాం.

సామర్థ్యం అంటే ఏమిటో నిర్వచించకండి. నిర్వచించకపోతే ఆ గడి తనంతట తానే నిండుతుంది. పెద్దాయనలా మాట్లాడేవాళ్లు, పెద్దాయన చదివిన కాలేజీలో చదివినవాళ్లు, పెద్దాయన జోకుకు అందరికన్నా అర క్షణం ముందు నవ్వేవాళ్లు అందులోకి చేరిపోతారు. ఎవరు ఏ గడిలో ఉన్నారో వాళ్లకు మాత్రం చెప్పకూడదు. తెలిస్తే ‘పై గడికి ఎలా వెళ్లాలి?’ అంటారు, దానికి మన దగ్గర జవాబుంటే కదా.

వినడం కన్నా సర్వే మేలు

ఉద్యోగి మాట వినాలి అని అందరూ అంటారు. వినడానికి ఎంత ఖర్చవుతుందో తెలియక అంటారు. షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథార్న్ కర్మాగారం ఉండేది, టెలిఫోన్ సామాన్లు చేసేవాళ్లు. అక్కడ 1924లో దీపాల వెలుతురు పెంచీ తగ్గించీ ఉత్పత్తి ఎలా మారుతుందో చూశారు. పెంచినా పెరిగింది, తగ్గించినా పెరిగింది అని ప్రతి ఎంబీఏ పుస్తకంలోనూ రాస్తారు. ఆ లెక్కల మీద తర్వాతివాళ్లు పేచీలు పెట్టారనుకోండి, అది వేరే సంగతి. నన్ను భయపెట్టింది ఆ తర్వాత జరిగింది. 1928లో మొదలుపెట్టి 20,000 మందికి పైగా కార్మికులను ఇంటర్వ్యూ చేశారు. మొదట ఒక ప్రశ్నల జాబితా పట్టుకుని వెళ్లారు. జనం ఆ ప్రశ్నలకు జవాబు చెప్పినట్టే చెప్పి, తమ మనసులో ఉన్న దాంట్లోకి జారిపోయేవారు. ఇలా కాదని జాబితా పక్కన పెట్టి, వాళ్లు ఏది చెబితే అది విందాం అనుకున్నారు. అరగంట ముచ్చట్లు గంటన్నరకు సాగాయి. అసలేమీ మార్చకపోయినా పరిస్థితులు మెరుగయ్యాయని చెప్పినవాళ్లు కూడా ఉన్నారట.

మనిషికి గంటన్నర! అదే మా ‘ఎంగేజ్‌మెంట్ సర్వే’ 12 నిమిషాల్లో అయిపోతుంది. చేసేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. సర్వే అజ్ఞాతం అని పెద్ద అక్షరాల్లో వేయండి. లింకు మాత్రం ఒక్కొక్కరికీ విడిగా పంపండి. డిపార్ట్‌మెంటు, ఊరు, వయసు, స్త్రీనా పురుషుడా, చేరిన ఏడాది అడగండి, ఇక పేరొక్కటే మిగులుతుంది. టీములో ఉన్న ఒకే ఒక్క 50 ఏళ్ల ఆవిడ ఎంత అజ్ఞాతంగా ఉండగలదో మీరే ఊహించుకోండి. గాలప్ వాళ్ల 12 ప్రశ్నల్లో ఒకటి, ఆఫీసులో మీకు ప్రాణస్నేహితుడు ఉన్నాడా అని. మేం దాదాపు అదే అడిగాం. ‘ఉండేవాడు, మేలో లేఆఫ్‌లో పోయాడు’ అని ఒకరు రాశారు. ‘ఉన్నాడు/లేడు’ మాత్రమే ఉండేలా మర్నాడు ఫారం సరిచేశాం.

ఫలితాలు రాగానే చర్య తీసుకోవాలి. పని ఎక్కువైందని 60 మంది రాస్తే ఫన్ ఫ్రైడే పెట్టండి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి తాడులాగుడు, హాజరు తప్పనిసరి. ఆ గంట పని రాత్రికి చేసుకుంటారు.

తప్పు జరిగిందని ఎవరూ అనకూడదు

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ, ఇప్పుడు హార్వర్డ్‌లో ఆచార్యురాలు, చదువుకునే రోజుల్లో ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే తప్పులను లెక్కించింది. మంచి టీముల్లో తప్పులు తక్కువుంటాయని ఆమె అంచనా. తీరా చూస్తే మంచి టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడివాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదట, చేసిన తప్పును భయపడకుండా చెప్పుకునేవారట. ఇలా భయం లేకుండా మాట్లాడగలగడం గురించి 1999లో ఆమె రాసిన వ్యాసం నుంచే ‘సైకలాజికల్ సేఫ్టీ’ అన్న మాట మన టౌన్‌హాళ్లకు పాకింది. 2012లో మొదలుపెట్టి తమ టీములను తరచి చూసిన గూగుల్ వాళ్లూ చివరికి దాన్నే మొదటి లక్షణంగా తేల్చారు.

నేను దీన్నుంచి పిండుకున్న సారం ఒక్కటే: తప్పుల సంఖ్య తగ్గాలంటే చెప్పేవాళ్లు తగ్గాలి. అందుకు ఎవరినీ తిట్టక్కర్లేదు. ఏదైనా ఆగిపోయిన మర్నాడు ‘ఎవరినీ నిందించని సమీక్ష’ అని మీటింగు పెట్టి, ఆహ్వానంలో హెచ్‌ఆర్‌ను సీసీలో పెట్టండి. మనం నోరు విప్పనక్కర్లేదు, మూలన ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటే చాలు. ఏడాది తిరిగేసరికి డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది.

శిక్షణ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మనిషికి ఏడాదికి 40 గంటలు అని లక్ష్యం పెట్టండి. మార్చి ఆఖరి వారంలో అందరూ రెండో మానిటర్‌లో వీడియో పెట్టి, శబ్దం తీసేసి, 40 గంటలూ పూర్తిచేస్తారు. కిర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన 1959లోనే, శిక్షణ నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడారా, ఫలితం వచ్చిందా అని నాలుగు మెట్లు చెప్పాడు. మనకు మొదటి మెట్టు చాలు. ఐదుకు ఎన్ని చుక్కలు ఇస్తారు, భోజనం ఎలా ఉంది.

అమ్మలకు తేలిక పని

ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మందో అంతకు మించో ఉన్న సంస్థకు బిడ్డల సంరక్షణ గది, అదే క్రెష్, ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. చట్టం అంటే చట్టమే, మేమూ గది పెట్టాం. గోడ మీద నీలం ఏనుగు బొమ్మ వేయించి ఫొటో తీసి వార్షిక నివేదికలో వేశాం. ఆ తర్వాత రౌటర్ల అట్టపెట్టెలకు చోటు చాలలేదు. దీపావళికి మిగిలిన డ్రైఫ్రూట్ డబ్బాలూ అక్కడికే చేరాయి. ఇప్పుడు పెట్టెల మీదుగా తొండం ఒక్కటే కనిపిస్తుంది.

సెలవు ముగించుకుని వచ్చిన ఆవిడ ఒకరు, అంతకుముందు మొత్తం పేమెంట్ల వ్యవస్థకు రూపకల్పన చేసిన మనిషి, నా గదికి వచ్చింది.

“సార్, నన్ను పాత రిపోర్టుల టీములో వేశారు.”

“మీకు ఇబ్బంది ఉండకూడదని తేలిక పని ఇచ్చామండీ. చంటిబిడ్డ కదా.”

“నేను అడిగానా సార్?”

“మీరు అడగక ముందే చూసుకోవడమే మన కల్చర్ అమ్మా.”

ఆవిడ కాసేపు నా వెనక గోడ మీదున్న ‘ఉద్యోగినులకు ఉత్తమ సంస్థ’ షీల్డు వైపు చూసి వెళ్లిపోయింది. ఈ దయలో ఉన్న సొగసు రెండో ఏడు గానీ తెలియదు. అప్పుడు ఆమె రేటింగు ఎదురుగా ‘పని పరిధి పరిమితం’ అని రాయొచ్చు. ఆ పరిధి గీసింది ఎవరని ఫారంలో ఎక్కడా అడగరు.

పదోన్నతులు అంటారా, అందరికన్నా బాగా కోడు రాసేవాడిని తెచ్చి మేనేజరును చేయండి. పాలిచ్చే గేదెను అరకకు కట్టినట్టు, ఒక్క దెబ్బకు పాలూ పోతాయి, చాలూ వంకరపోతుంది. దీనిమీద లారెన్స్ పీటర్ అనే ఆయన 1969లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఆయన వేళాకోళంగా రాసిన దాన్ని మేం పాలసీగా అమలు చేశాం.

పేపర్ వేసినప్పుడు మాత్రం గుర్తించండి

దేవరకొండ కుర్రాడి దగ్గరికి మళ్లీ రావాలి. వాడు మా కంపెనీలోనే ప్లాట్‌ఫారమ్ టీములో ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఆర్డర్లు ఆగినట్టు మళ్లీ ఆగకుండా చేసే పని అదే. మా రూలు ప్రకారం కంపెనీలో టీము మారాలంటే ఉన్నచోట 18 నెలలు నిండాలి, మేనేజరు ఒప్పుకోవాలి, రేటింగు నాలుగు ఉండాలి. వాడికి మూడు. బయటి కంపెనీలు మన రేటింగు అడగవు. ఇంట్లో ఒక గది నుంచి పక్క గదికి వెళ్లాలంటే మూడు తాళాలు, వీధి తలుపు మాత్రం బార్లా తీసి ఉంటుంది. ఇలా కట్టుకున్న ఇల్లు ఇది. ఎవరైనా మార్చబోతే ఒప్పుకోకండి.

మూడు నెలలకు వాడు పేపర్ వేశాడు. అప్పుడు చూడాలి ప్రేమ! వైస్ ప్రెసిడెంటుగారు తొలిసారి వాడికి ఫోన్ చేశారు, పేరు కొంచెం తప్పు పలికినా ఆప్యాయంగానే పలికారు. “చెప్పొచ్చు కదయ్యా, నీకేం కావాలో” అన్నారు. ముప్పై శాతం పెంచుతామన్నాం. ఏప్రిల్‌లో వాడు అడిగింది పదే. వద్దన్నాడు.

నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఆ 90 రోజులూ వాడు నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఇచ్చాడు. మొత్తం 11 సెషన్లు, అన్నీ రికార్డు చేశాం. మ్యూట్ తీసి మాట్లాడాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, చిక్కుముడి వచ్చినప్పుడు తెలుగులోకి దిగేవాడు. మా చెన్నై ఆఫీసు వాళ్లు కూడా ‘పరవాలేదు, కానివ్వు’ అన్నారు. ఐదో సెషన్‌కు డెలివరీ మేనేజరుగారు కూడా కూర్చున్నారు. బయటికొచ్చి నాతో, “వీడింత బాగా చెబుతాడని తెలీదండీ” అన్నారు. నేను తలూపాను.

వాడి స్థానంలో బయటి నుంచి ఒకాయనను 45 శాతం ఎక్కువిచ్చి తెచ్చాం. వార్టన్ ఆచార్యుడు మాథ్యూ బిడ్వెల్ 2011లో అమెరికాలోని ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు రికార్డులు తిరగేసి, ఉన్నవాళ్లలో నుంచి పైకి తెచ్చినవాళ్ల కన్నా బయటి నుంచి తెచ్చినవాళ్లకు సుమారు 18 శాతం ఎక్కువ ఇస్తున్నారని, అయినా మొదటి రెండేళ్లు వాళ్ల పనికే తక్కువ మార్కులు పడుతున్నాయని తేల్చాడు. 18 దగ్గర ఆగిపోయారంటే వాళ్లు పిసినారులన్నమాట. మా కొత్తాయన ఇప్పుడు ఆ 11 రికార్డింగులు చూస్తున్నాడు, కింద ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేయించుకుని.

చివరగా ఎగ్జిట్ ఇంటర్వ్యూ. ఎదురెదురుగా కూర్చోకండి, ఫారం పంపండి. కారణాలు డ్రాప్‌డౌన్‌లో ఉండాలి: మెరుగైన అవకాశం, ఉన్నత చదువు, పెళ్లి, వ్యక్తిగతం, ఇతరం. వాడు ‘ఇతరం’ నొక్కి, కింద డబ్బాలో ఏదో రాశాడు. తెలుగులో రాశాడు. మా రిపోర్టు ఆ వెండరు సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్‌లోకి వస్తుంది, వచ్చేటప్పుడు తెలుగు అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోతాయి. ఆరు వరసల పొడవునా ప్రశ్న గుర్తులే. వాటి మధ్య అంకెలు మాత్రం చెడకుండా నిలిచాయి: ఒకచోట 3, ఒకచోట 40, చివర్లో 15.

3 అంటే రేటింగు అయి ఉంటుంది. అసలు రాత వెండరు సర్వర్‌లో భద్రంగా ఉంటుందట, టికెట్ వేస్తే రెండు రోజుల్లో పంపుతామన్నారు. నేను వేయలేదు. ‘ఇతరం’ తీసేసి ‘మెరుగైన అవకాశం’ అని మార్చి ఫైలు మూశాను. అదేరోజు ఆరో అంతస్తు కాఫీ మెషీన్ మళ్లీ మొరాయించింది. దానికి మాత్రం వెంటనే వేశాను.